ఒకే దినమున రెండు ఓట్లు

2024 మే 13వ తేదీన సత్యవేడు నియోజకవర్గమునందలి ఓటర్లు పోలింగు కేంద్రమునకు పోయి రెండు ఓట్లు వేసి వచ్చిరి. ఒకటి లోక్‌సభ సభ్యుని కొరకు. రెండవది ఆంధ్రప్రదేశ్ శాసనసభ సభ్యుని కొరకు. అంతకు 24 దినములకు పూర్వము, ఏప్రిల్ 19వ తేదీన, సురుటుపల్లెకు ఆవల సరిహద్దు దాటగనే కనబడు ఊత్తుకోటలో తమిళనాడు ఓటర్లు ఒకే ఓటు వేసిరి. వారి శాసనసభకు 2021లోనే ఎన్నికలు జరిగియుండెను. ఈ ప్రాంతపు జనులు ఒకే సంతలలో బేరములాడుదురు. ఒకే బస్సులలో ప్రయాణము చేయుదురు. తెలుగును తమిళమును కలిపి మాటలాడుదురు. అయినను ఓటు విషయమున వీరి పంచాంగము వేరు, వారి పంచాంగము వేరు.

అదే సంవత్సరము నవంబరు 5వ తేదీన అమెరికా దేశమున అధ్యక్షుని ఎన్నిక జరిగెను. అక్కడను కొన్ని రాష్ట్రములలో ఓటరు అదే దినమున దేశాధ్యక్షుని కొరకును, తన రాష్ట్ర గవర్నరు కొరకును ఓటు వేసెను. మరికొన్ని రాష్ట్రములు గవర్నరు ఎన్నికను బుద్ధిపూర్వకముగ వేరొక సంవత్సరమునకు జరుపుకొని యున్నవి.

దేశమును గూర్చిన ప్రశ్నను, రాష్ట్రమును గూర్చిన ప్రశ్నను ఒకే దినమున అడిగినచో ప్రజలు రెండింటికి వేర్వేరు సమాధానములు చెప్పగలరా? లేక ఒక ప్రశ్న రెండవ దానిని మ్రింగివేయునా? ఈనాటి ప్రసంగమున ఈ సంగతిని సత్యవేడు అనుభవమును దగ్గరనుంచుకొని విచారింతము. ఇది పండితుల వాదములకు మాత్రమే చెందిన సంగతి కాదు. 2024 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టబడిన రాజ్యాంగ సవరణ బిల్లు దీనిని ప్రతి యింటి సంగతిగ చేసినది.

మొదట ఏ ఓటు ఏ పనికో స్పష్టపరచుకొందము. రెండు ఎన్నికలు కలిసి వచ్చినప్పుడు లోక్‌సభ ఓటునకు తెల్లని పత్రమును, శాసనసభ ఓటునకు గులాబి రంగు పత్రమును వాడుట ఎన్నికల సంఘమువారి పద్ధతి. ఓటింగు యంత్రములు వచ్చిన పిదప యంత్రముపై ఉంచు పత్రములకును ఆ రంగులే నిలిచినవి. తెల్ల పత్రము ఢిల్లీ ప్రభుత్వమును నిర్ణయించును. గులాబి పత్రము రాష్ట్ర ప్రభుత్వమును నిర్ణయించును.

ఊరి బడి, ఆసుపత్రి, భూమి పట్టా, పోలీసు ఠాణా, చెరువు మరమ్మతు, పిచ్చాటూరు వద్దనున్న ఆరణియారు జలాశయపు నీరు ఇవి యన్నియు రాష్ట్రమునకు చెందిన పనులు. రైళ్లు, జాతీయ రహదారులు, ఆదాయపు పన్ను, దేశరక్షణ, విదేశ వ్యవహారములు కేంద్రమునకు చెందినవి. రెండు చేతులు కలిసిననే గాని జరుగని పనులును కలవు. సత్యవేడు, వరదయ్యపాళెము మండలములలో వెలసిన శ్రీసిటీయే అందుకు దృష్టాంతము. దానికి భూమి సమకూర్చినది రాష్ట్రము. ప్రత్యేక ఆర్థిక మండలి యను హోదాకు మూలమైన 2005 నాటి చట్టము పార్లమెంటు చేసినది. ఇక తెలుగుగంగను చూడుడు. కండలేరు నుండి పూండికి పోవు ఆ కాలువ ఈ ప్రాంతము మీదుగనే సాగును. అది 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వముల నడుమ కుదిరిన ఒప్పందపు ఫలము. నీరు పూండికి చేరినది 1996లో. చెన్నపట్టణపు దాహము తీర్చు నీటి విషయమున రెండు రాష్ట్రముల శాసనసభలును బాధ్యత గలవే.

కావున సత్యవేడు ఓటరు చేతిలోని రెండు ఓట్లు ఒకే పనికి రెండు ముద్రలు కావు. అవి రెండు వేరు పద్దులు. ఇంటి ఖర్చుకు ఒక పుస్తకము, సేద్యపు ఖర్చుకు ఒక పుస్తకము ఉంచుకొను గృహస్థునకు ఈ మాట సులభముగ బోధపడును.

సత్యవేడు వారికి రాష్ట్రమనునది కదలని వస్తువు కాలేదు. 1952లోను, 1957లోను ఈ ప్రాంతము మద్రాసు రాష్ట్రమునందలి చెంగల్పట్టు జిల్లాలో ఉండెను. ఆ రెండు పర్యాయములును ఇక్కడి వారు మద్రాసు శాసనసభకును, లోక్‌సభకును ఓట్లు వేసిరి. ఆ కాలమున ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె యుండెడిది. పెట్టెపై గుర్తు అంటించియుండెడిది. ఓటరు మరుగునకు పోయి, తనకు నచ్చిన గుర్తుగల పెట్టెలో కాగితమును వేయవలెను. రెండు సభలకు రెండు వరుసల పెట్టెలు.

1957లో ఒక విశేషము జరిగినది. ఆనాడు చిత్తూరు జిల్లా వారికి ఒకే ఓటు లభించెను. ఏలయనగా ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు 1955లోనే ఎన్నికలు జరిగియుండుటచే, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప ఆ సభ్యులే కొనసాగిరి. 1957లో తెలంగాణమునందు మాత్రమే శాసనసభ ఎన్నికలు జరిగినవి. అనగా ఆ సంవత్సరము సత్యవేడు వారు మద్రాసు ఓటర్లుగ రెండు ఓట్లు వేయగా, పొరుగున పుత్తూరు వారు ఆంధ్ర ఓటర్లుగ ఒకే ఓటు వేసిరి. 2024లో ఇది తిరుగబడినది. సరిహద్దు రేఖ ఎటు గీసిన, ఓట్ల లెక్క అటు మారినది.

ఆ రేఖను మార్చినది పటాస్కరు తీర్పు. దాని ననుసరించి 1959లో పార్లమెంటు సరిహద్దుల మార్పు చట్టము చేసెను. 1960 ఏప్రిల్ 1వ తేదీన అది అమలులోనికి వచ్చెను. తిరుత్తణి మద్రాసు రాష్ట్రమునకు పోయెను; పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాలనుండి తెలుగు గ్రామములు ఇటు వచ్చి, సత్యవేడు తాలూకాగ చిత్తూరు జిల్లాలో చేరెను. 1962లో ఈ గ్రామములవారు ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలిసారి సాధారణ ఎన్నికలలో ఓటు వేసిరి. అప్పటికి పెట్టెల వరుసలు పోయి, కాగితముపై ముద్ర వేయు పద్ధతి వచ్చియుండెను. 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లా ఏర్పడగా సత్యవేడు అందు చేరెను.

ఇక రాష్ట్రము యొక్క ఎన్నికల పంచాంగమును తిరుగవేయుదము. 1962లోను 1967లోను లోక్‌సభకును శాసనసభకును కలిసి ఎన్నికలు జరిగెను. 1971లో ఇందిరాగాంధి ప్రభుత్వము గడువునకు ముందే లోక్‌సభను రద్దుచేయించి ఎన్నికలు జరిపించెను. మన శాసనసభ ఎన్నిక 1972లో వచ్చెను. ఆ విధముగ విడిపోయిన దారులు 1977, 1978లలోను, 1980, 1983లలోను, 1984, 1985లలోను వేరుగనే సాగెను. 1989లో ఒకసారి కలిసి, 1991లో మరల విడిపోయెను. 1999 నుండి మాత్రము, 2004, 2009, 2014, 2019, 2024 అను వరుసలో, 6 పర్యాయములు ఎడతెగక ఆంధ్రప్రదేశ్‌లో రెండు ఎన్నికలును కలిసియే జరిగినవి. కావున కలిసి ఓటు వేయుటవలన ఏమి జరుగునో ఊహించి చెప్పనక్కరలేదు. మన చేతిలో పాతికేండ్ల అనుభవము కలదు.

ఆ అనుభవము చెప్పునదేమి? దేశపు గాలి రాష్ట్రపు ప్రశ్నను మ్రింగివేయునని సాధారణముగ భయపడుదురు. ఆంధ్రదేశమున ఎక్కువగా జరిగినది దానికి విపరీతము. 1989లో దేశమున కాంగ్రెసు అధికారము కోల్పోయెను. ఆంధ్రప్రదేశ్‌లో అదే కాంగ్రెసు 294 శాసనసభా స్థానములలో 181 గెలిచి, 42 లోక్‌సభ స్థానములలో 39 గెలిచెను. ఇక్కడి ఓటరు రాష్ట్ర ప్రభుత్వమును మార్చదలచి, ఆ చేతితోనే లోక్‌సభ ఓటును కూడ వేసినట్లు కనబడుచున్నది. 1999లో తెలుగుదేశము శాసనసభలో 180, లోక్‌సభకు 29 స్థానములు గెలిచెను. 2004లో కాంగ్రెసు శాసనసభలో 185, లోక్‌సభకు 29. 2019లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు 175లో 151 శాసనసభా స్థానములును, 25లో 22 లోక్‌సభ స్థానములును గెలిచెను. ఆ సంవత్సరము దేశమంతటను 303 స్థానములు గెలిచిన భారతీయ జనతా పార్టీకి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క స్థానమైనను రాలేదు.

అనగా మన రాష్ట్రమున ముఖ్యమంత్రి ఎవరను ప్రశ్నయే బిగ్గరగ వినబడి, పార్లమెంటు సభ్యుడు ఎవరను ప్రశ్న దాని వెనుక నడచినది. ఇందు నష్టమెవరికి? పార్లమెంటు సభ్యుని అయిదేండ్ల పనిని ఎవరును లెక్కచూడరు. అతడు ఏ ప్రశ్నలు వేసెను, ఏ రైలుమార్గమునకు పోరాడెను, ఏ బిల్లుపై ఏమి పలికెను అను విచారణ లేకయే అతడు గెలుచును, లేదా ఓడును.

వేర్వేరు కాలములలో ఎన్నికలు జరిగిన చోట తీర్పులును వేరుపడుట తెలంగాణమున చూచితిమి. 2018 డిసెంబరులో అక్కడి శాసనసభకు ముందుగ ఎన్నికలు జరుగగా తెలంగాణ రాష్ట్ర సమితి 119లో 88 స్థానములు గెలిచెను. 2019 వేసవిలో లోక్‌సభకు వచ్చుసరికి ఆ పక్షమునకు 17లో 9 మాత్రమే దక్కెను. శాసనసభలో 1 స్థానము గెలిచిన భారతీయ జనతా పార్టీకి 4 వచ్చెను. 2023 శాసనసభ ఎన్నికలలో 39 స్థానములు గెలిచిన భారత రాష్ట్ర సమితికి, 6 మాసములు తిరుగకముందే జరిగిన లోక్‌సభ ఎన్నికలలో ఒక్క స్థానమును రాలేదు. అదే జనము, అవే ఊళ్లు. ప్రశ్న వేరైనందున సమాధానము వేరైనది.

అట్లని కలిసి వేసిన ఓట్లు ఎల్లప్పుడును ఒకే త్రోవన పోవుననుకొనరాదు. ఇందుకు సాక్ష్యము తిరుపతి లోక్‌సభ నియోజకవర్గమే. సత్యవేడు, శ్రీకాళహస్తి, తిరుపతి, సూళ్లూరుపేట, గూడూరు, వెంకటగిరి, సర్వేపల్లి అను 7 శాసనసభా నియోజకవర్గములు అందు చేరియున్నవి. సత్యవేడును, తిరుపతి లోక్‌సభ స్థానమును, రెండును షెడ్యూల్డు కులములకు కేటాయింపబడినవి. 2024లో ఈ 7 శాసనసభా స్థానములను తెలుగుదేశము, జనసేన, భారతీయ జనతా పార్టీల కూటమియే గెలిచెను. సత్యవేడులో తెలుగుదేశము అభ్యర్థి కోనేటి ఆదిమూలము గెలిచిరి. అదే దినమున, అదే గదులలో, అదే ఓటర్లు వేసిన లోక్‌సభ ఓట్లను లెక్కింపగా వై.ఎస్.ఆర్. కాంగ్రెసు అభ్యర్థి మద్దిల గురుమూర్తి 14 వేలకు పైగా ఆధిక్యముతో గెలిచిరి. రాష్ట్రమంతటను కూటమి 175లో 164 స్థానములు గెలిచిన గాలిలో ఇట్లు జరిగినది!

ఇది కాకతాళీయమని తీసివేయుటకు వీలులేదు. 2014లోను ఇట్టిదే జరిగినది. ఆ సంవత్సరము ఈ 7 స్థానములలో 4, సత్యవేడుతో సహా, తెలుగుదేశమునకు రాగా, లోక్‌సభ స్థానము వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు పోయెను. నడుమ 2019లో మాత్రము 7 శాసనసభా స్థానములును, లోక్‌సభ స్థానమును ఒకే పక్షమునకు వచ్చెను.

కారణమేమి? 2014లోను 2024లోను కూటమి పంపకములో తిరుపతి లోక్‌సభ స్థానము భారతీయ జనతా పార్టీకి వచ్చెను. శాసనసభ యంత్రముపై సైకిలు కనబడినది; లోక్‌సభ యంత్రముపై అది కనబడక కమలము కనబడినది. గుర్తును చూచి ఓటు వేయుట అలవాటైన చోట గుర్తు మారినచో చేయి ఆగును. అభ్యర్థుల సంగతియు కలదు. 2024లో గురుమూర్తి అప్పటికి ఆ స్థానమున సభ్యుడై యుండిరి. 2021 ఉపఎన్నికలో లోక్‌సభ ఓటు ఒక్కటే వేసిన ఓటర్లు ఆయనను భారీ ఆధిక్యముతో పంపియుండిరి. ఆయనపై పోటీచేసిన వరప్రసాదరావు 2014లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు తరపున ఇదే స్థానమున గెలిచినవారు. ఈ కారణములలో ఏది ఎంత పనిచేసినను ఒక మాట నిశ్చయము. వేలకొలది ఓటర్లు మొదటి మీట నొక్కిన పక్షమును విడిచి రెండవ యంత్రమున మరియొక పక్షపు మీట నొక్కిరి. చదువు లేనివారు, పల్లెవాసులు, కూలినాలి చేసికొనువారు రెండు ప్రశ్నలను వేరుచేసి చూడజాలరను మాట వీరి విషయమున చెల్లదు.

ఇప్పుడు అమెరికా వైపు చూతము. అక్కడ అధ్యక్షుని ఎన్నిక 4 సంవత్సరములకొకసారి, నవంబరులో మొదటి సోమవారము మరునాటి మంగళవారమున జరుగవలెనని 1845 నాటి చట్టము. అక్కడి గవర్నరు మన గవర్నరు వంటివాడు కాడు. ప్రజలు ఎన్నుకొను రాష్ట్రాధినేత. మన ముఖ్యమంత్రికి సమానుడని తలపవచ్చును. 50 రాష్ట్రములలో 11 మాత్రమే అధ్యక్షుని ఎన్నిక నాడే గవర్నరును ఎన్నుకొనుచున్నవి. వెర్మాంటు, న్యూహాంప్‌షైరు, ఉత్తర కరోలినా, ఇండియానా, వాషింగ్టను మొదలైనవి అందు చేరును.

ఉత్తర కరోలినాను ప్రత్యేకముగ చెప్పుకొనవలెను. అక్కడ కేరీ, మోరిస్‌విల్ పట్టణములందు తెలుగు కుటుంబములు అనేకములు నివసించుచున్నవి. ఆ రాష్ట్రపు ఓటరునకు ఒక యంత్రముపై ఒక పేరు నొక్కి బయటికి వచ్చుటకు వీలులేదు. అధ్యక్షుడు, పార్లమెంటు సభ్యుడు, గవర్నరు, లెఫ్టినెంటు గవర్నరు, అటార్నీ జనరలు, రాష్ట్ర కార్యదర్శి, కోశాధికారి, ఆడిటరు, విద్యాశాఖాధిపతి, వ్యవసాయము, కార్మికులు, బీమా వీనికి ఒక్కొక్క కమిషనరు, శాసనసభ్యులు, న్యాయమూర్తులు ఇంతమందిని పొడవాటి కాగితముపై ఒక్కొక్క గడిని నింపుచు ఎన్నుకొనవలెను. పూర్వము ఒక పక్షమునకంతకును ఒకే గుర్తు పెట్టి ముగించు సౌకర్యము ఉండెడిది. 2013 నాటి చట్టముతో ఉత్తర కరోలినా దానిని తీసివేసెను. ఇండియానా, అలబామా వంటి కొన్ని రాష్ట్రములు దానిని నిలుపుకొన్నవి.

2024 నవంబరులో ఉత్తర కరోలినా ఓటర్లు అధ్యక్ష స్థానమునకు రిపబ్లికను పక్షపు డొనాల్డ్ ట్రంపును 3 శాతమునకు కొంచెము పైబడిన ఆధిక్యముతో గెలిపించిరి. అదే కాగితముపై గవర్నరుగ డెమోక్రటిక్ పక్షపు జాష్ స్టైనును దాదాపు 15 శాతము ఆధిక్యముతో గెలిపించిరి. రాష్ట్రస్థాయి అధికార స్థానములు 10 కాగా, వానిలో 5 ఒక పక్షమునకు, 5 రెండవ పక్షమునకు వచ్చినవి. వెర్మాంటు, న్యూహాంప్‌షైరులలో దీనికి విపరీతముగ, అధ్యక్ష స్థానమునకు డెమోక్రటిక్ అభ్యర్థి కమలా హారిస్ ఆధిక్యము పొందగా, గవర్నర్లుగ రిపబ్లికనులు గెలిచిరి. అయినను మిగిలిన 8 రాష్ట్రములలో అధ్యక్షుడును గవర్నరును ఒకే పక్షమువారే గెలిచిరని మరువరాదు. అక్కడ బిగ్గరగ వినబడు ప్రశ్న అధ్యక్షుడు. మన రాష్ట్రమున ముఖ్యమంత్రి. దిశ వేరైనను గాలి గాలియే.

ఆ గాలికి జంకియే పలు రాష్ట్రములు గవర్నరు ఎన్నికను అధ్యక్షుని ఎన్నిక నుండి వేరుచేసికొన్నవి. ఇలినాయిసు రాష్ట్రము 1970లో క్రొత్త రాజ్యాంగమును వ్రాసికొని, 1976లో గవర్నరును 2 సంవత్సరములకు మాత్రమే ఎన్నుకొని, 1978 నుండి 4 సంవత్సరముల పద్ధతికి మరలెను. అప్పటి నుండి అక్కడ గవర్నరు ఎన్నిక అధ్యక్షుని ఎన్నిక నాడు రాదు. మేరీలాండును అట్టిదే. హైదరాబాదున జన్మించిన తెలుగు మహిళ అరుణా మిల్లర్ ఆ రాష్ట్రపు లెఫ్టినెంటు గవర్నరుగ ఎన్నికైనది 2022లో, అధ్యక్షుని ఎన్నిక లేని సంవత్సరమున. రాష్ట్రపు మాట రాష్ట్రమునకే వినబడవలెనని వారి యేర్పాటు.

అమెరికాకును మనకును ఒక మూలభేదము కలదు. అక్కడ గవర్నరు గడువు స్థిరము. శాసనసభ విశ్వాసము కోల్పోయినాడని అతడు దిగిపోడు. సభను అతడు రద్దుచేయజాలడు. కావున తేదీలు చెదరవు. మనది సభకు బాధ్యత వహించు ప్రభుత్వ పద్ధతి. సభలో బలము పోయినచో ప్రభుత్వము పోవును. అవసరమైనచో సభయు రద్దగును. ప్రజలవద్దకు మరల పోవలెను. మన పంచాంగము చెదరుటకు కారణము ఈ స్వేచ్ఛయే. దానిని దోషముగ చూచువారును కలరు, గుణముగ చూచువారును కలరు.

ఇప్పుడు బిల్లు సంగతికి వత్తము. 2023 సెప్టెంబరు 2వ తేదీన మాజీ రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అధ్యక్షతన ఉన్నతస్థాయి సంఘము ఏర్పడి, 2024 మార్చి 14వ తేదీన నివేదిక సమర్పించెను. లోక్‌సభకును అన్ని శాసనసభలకును కలిపి ఎన్నికలు జరుపవలెననియు, ఆ పిదప 100 దినములలో పంచాయతీ, పురపాలక ఎన్నికలు జరుపవలెననియు అందు సూచించిరి. 2024 డిసెంబరు 17వ తేదీన రాజ్యాంగ 129వ సవరణ బిల్లు లోక్‌సభలో ప్రవేశపెట్టబడెను. ప్రవేశమునకే ఓటింగు జరిగి, అనుకూలముగ 269, ప్రతికూలముగ 198 ఓట్లు వచ్చెను. పిదప అది రెండు సభల సంయుక్త సంఘము పరిశీలనకు పంపబడెను.

దీనిని కోరువారి వాదమున బలము లేకపోలేదు. ఎన్నికలు వచ్చిన ప్రతిసారి ఉపాధ్యాయులు బడి విడిచి పోలింగు పనికి పోవుదురు, బడి గదులు పోలింగు కేంద్రములగును, ప్రవర్తనా నియమావళిచే క్రొత్త పనులు ఆగును, పోలీసులు ఒక మూలనుండి మరియొక మూలకు తరలుదురు, ఖర్చు పెరుగును. ఒకే దినమున జరిగినచో ఈ శ్రమ కొంత తగ్గునను మాట సత్యవేడు వారు సులభముగ ఒప్పుకొందురు. వారికి 1999 నుండి జరుగుచున్నది అదియే.

అయినచో మనకు క్రొత్తగ మారునదేమి? దినము మారదు; నడుమ సభ పడిపోయినప్పుడు జరుగునది మారును. ఈ బిల్లు ప్రకారము ఒక శాసనసభ గడువునకు ముందే రద్దయినచో, మరల ఎన్నికైన సభ పూర్తి 5 సంవత్సరములు ఉండదు. పాత గడువులో మిగిలిన కాలము వరకే ఉండును.

ఇందలి ఆంతర్యము మన చరిత్రలోని ఒక ఘట్టముతో బోధపడును. 1983 జనవరిలో ఎన్.టి. రామారావు నాయకత్వమున తెలుగుదేశము 294లో 201 స్థానములు గెలిచెను. 1984 ఆగస్టులో ఆ ప్రభుత్వము తొలగింపబడెను. ప్రజాందోళన పిదప సెప్టెంబరులో మరల నిలువబడెను. ఆ అక్టోబరు 31న ఇందిరాగాంధి హత్య జరిగెను. డిసెంబరులో లోక్‌సభ ఎన్నికలు జరుగగా దేశమంతటను కాంగ్రెసు గాలి వీచినను, ఆంధ్రప్రదేశ్‌లో 42లో 30 స్థానములు తెలుగుదేశమునకు వచ్చెను. నవంబరులోనే శాసనసభను రద్దుచేయించి యుండిన రామారావు 1985 మార్చిలో ప్రజల తీర్పు కోరిరి. 202 స్థానములతో మరల గెలిచిరి. ఆ తీర్పు 5 సంవత్సరములకు ఇచ్చిన తీర్పు. ఇప్పటి బిల్లు సూచించు పద్ధతి ఆనాడే ఉన్నచో, ఆ తీర్పు 3 సంవత్సరములకు లోపుగనే ముగిసెడిది. ఆ మీదట ప్రజలు మరల పోలింగు కేంద్రమునకు పోవలసియే వచ్చెడిది.

ఎన్నికలను తగ్గించుటకు పుట్టిన యేర్పాటు అట్టి వేళ ఎన్నికలను తగ్గింపదు. ఓటు విలువను తగ్గించును. 5 ఏండ్లకు కౌలు వ్రాసికొన్న రైతు చేను దున్నును, బావి త్రవ్వును, చెట్టు నాటును. 2 ఏండ్ల కౌలుదారు పంట కోసికొని పోవును. అల్పకాలపు ప్రభుత్వమును అట్టిదే. మా అభిప్రాయమున ఒకే దినము అనునది సౌకర్యము. పూర్తికాలపు తీర్పు అనునది హక్కు. సౌకర్యము కొరకు హక్కును కుదించుటకు ముందు పార్లమెంటు పలుమారు ఆలోచింపవలెను. తేదీల కలయికను ఎన్నికల సంఘమువారు వీలైనంత చేయుదురుగాక. రాష్ట్ర ప్రజలు తమ ప్రభుత్వమునకు ఇచ్చిన గడువు మాత్రము చెక్కుచెదరకుండవలెను.

చట్టము ఎట్లు తేలినను, గృహస్థులు చేయదగిన పని ఒకటి కలదు. ఎన్నికలు వచ్చినప్పుడు ఇంటిలో కూర్చుండి రెండు పద్దులు వ్రాసికొనుడు. ఒకదానిలో శాసనసభ్యుని అడుగవలసిన ప్రశ్నలు: నాగలాపురము ఆసుపత్రిలో వైద్యుడున్నాడా, పిచ్చాటూరు ఆయకట్టునకు నీరందినదా, నారాయణవనము బడిలో ఉపాధ్యాయులు చాలునా, బుచ్చినాయుడు కండ్రిగ రైతు పట్టా సరిగనున్నదా, శ్రీసిటీ కర్మాగారములలో స్థానిక యువకులకు ఎన్ని కొలువులు వచ్చినవి. రెండవదానిలో పార్లమెంటు సభ్యుని అడుగవలసినవి: ఏ చట్టమునకు ఏమని ఓటు వేసితివి, ఏ రహదారి, ఏ రైలు సాధించితివి, ఇప్పుడు చెప్పుకొన్న బిల్లుపై నీ మాట యేమి. ఓటు అడుగవచ్చిన వారికి వారి వారి పద్దు చూపుడు. ఒకరి పేరు చెప్పి మరియొకరు ఓటు అడిగినచో, మీ లెక్క యేదని నిలదీయుడు.

ఇరువురికి వేసిన ఓట్లు ఒకే పక్షమునకు పోయినను తప్పులేదు, వేరుపడినను తప్పులేదు. రెండింటిని వేర్వేరుగ ఆలోచించి వేసితిమా అనునదియే ముఖ్యము. తిరుపతి నియోజకవర్గపు ఓటర్లు పదేండ్లలో రెండు మారులు అట్లు చేయగలమని చూపియున్నారు. తెల్ల పత్రమునకు ఒక ఆలోచన, గులాబి పత్రమునకు ఒక ఆలోచన నిలిచియున్నంత కాలము, ఎన్నికలు ఒకే దినమున వచ్చినను రాష్ట్రపు మాట దేశపు మాటలో మునిగిపోదు. దేశపు మాట రాష్ట్రపు మాటలో కలిసిపోదు.